దిష్టి ముడి

ఏలూరు నుంచి కొత్త బూడిద రంగు తివాచీ వచ్చిన మూడో రోజున, ఆ ఇంటి యజమాని నిడమర్తి భుజంగరావు దానికి నప్పలేదని లిఖితపూర్వకంగా తేలింది. ఇంటీరియర్ డిజైనర్ మోక్షిత రంగుల పట్టీని ఆయన చెంపకు ఆనించి చూసి, ఫారం నింపి, ఒక నకలు అపార్ట్‌మెంట్ సంఘానికి పంపింది. ఇందులో వింతేమీ లేదు. విజయవాడలోని ఆ అపార్ట్‌మెంట్‌లో చేనేత తివాచీ పరిచిన ప్రతి ఇంట్లోనూ మొదట సోఫా, తర్వాత పరదాలు, ఆ తర్వాత మనుషులు మారడం రివాజే. 403లో మామగారు వెనక బాల్కనీకి మారారు. 508లో అల్లుడు ఇంకా అప్పీలులో ఉన్నాడు.

భుజంగరావు హాలు ఖాళీ చేసి స్టోర్ రూముకు మారడానికి పదిహేను రోజుల గడువిచ్చారు. రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్పై ఏళ్లు ఎవరి ఇల్లు ఎవరిదో తేల్చిన మనిషి, తన హాల్లోనే చెప్పుల స్టాండు పక్కన నిలబడాల్సి వచ్చింది. ఆ అవమానానికి తోడు అనుమానం. వాచ్‌మన్ నమస్కారం పెడుతూ తన చెంపకేసే చూస్తున్నాడు. భార్య అరుంధతి నెల కిందటే పసుపు చీరలు మానేసి బూడిద రంగు చీరలకు మారింది. అప్పటికింకా తివాచీ మగ్గం మీదే ఉంది.

"నీకు ముందే తెలుసు కదూ?" అన్నాడు.

"నాకేం తెలుసండీ? కొలతల రోజున మీరు కాస్త మొహం కడుక్కుని కూర్చోవాల్సింది," అంది ఆవిడ.

ఆ రోజు నుంచి ఆవిడ ఇచ్చిన కాఫీ కూడా వాసన చూసి తాగాడు.

తివాచీ నేసినవాడి వాంగ్మూలం తీసుకోకుండా ఎవరినీ తరలించకూడదని నిబంధన. పద్నాలుగో రోజున ఏలూరు నుంచి మహబూబ్ సుభాని వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని తివాచీ అంచు తిరగేసి చూశాడు. బూడిద రంగు నేతలో, ఒక మూల, ఒకే ఒక్క ఇటుక రంగు ముడి ఉంది. ఇది పొరపాటేనా అని మోక్షిత అడిగింది.

"పొరపాటు కాదమ్మా. కావాలనే ఏస్తామండి. తప్పు లేని తివాచీకి దిష్టి తగులుద్దని మా తాతల నాటి నుంచీ ఆనవాయితీ. పసిబిడ్డకి బుగ్గన చుక్క పెట్టరా? అలాగన్నమాట," అన్నాడు సుభాని. తిరగేసిన అంచు మళ్లీ పరిచి, "తొక్కడానికని నేశానండి. మనుషుల్ని దీంతో కొలుస్తారని నాకెవరూ చెప్పలేదు," అన్నాడు.

చివరి మాటలు అప్రస్తుతమని సంఘంవాళ్లు రికార్డులో రాసుకున్నారు. మోక్షిత పట్టీని ముడికి ఆనించింది, భుజంగరావు చెంపకు ఆనించింది. రెండూ సరిగ్గా ఒకటే రంగు. తివాచీలో ఒక తప్పుకు అనుమతి ఉంది. రెండైతే అది నాసిరకం. ఆ అనుమతించిన తప్పుగా భుజంగరావును గుర్తిస్తూ అప్పటికప్పుడే ఉత్తర్వు ఇచ్చారు. ఆయన కళ్లు తుడుచుకుని ఆ మూల వెళ్లి కూర్చున్నాడు. వచ్చిన అతిథులకు అరుంధతి ముందు ముడిని, తర్వాత ఆయన్ని చూపించి, చేతి నేత అనడానికి ఇదే రుజువు అని చెప్పేది. తన ఇంట్లో తనకింత గౌరవం ఎప్పుడూ దక్కలేదని ఆయనకు అనిపించింది.

మరుసటి వారం తణుకు నుంచి కాంతమ్మ వచ్చింది, కంటి ఆపరేషన్ కోసం. ఆయన అక్క. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. వస్తూనే తివాచీ నడిమధ్య చతికిలబడింది.

"మూల కూర్చున్నావేంట్రా? ఇలా రా. మెత్తగా హాయిగా ఉంది."

భుజంగరావు అక్క ముఖం చూశాడు. ఒకే తల్లి బిడ్డలు. ఒకే ఇటుక రంగు. ఆవిడ నిజంగా కంటి కోసమే వచ్చిందా, ఎవరైనా పిలిపించారా? లేచి బీరువాలోంచి, మోక్షిత వదిలి వెళ్లిన రంగుల పట్టీ, ఫారం తెచ్చాడు.

"అక్కా, చెంప ఒకసారి ఇటు తిప్పు."

ఏదో అంటుకుంటే తుడుస్తాడనుకుని ఆవిడ నవ్వుతూ కళ్లు మూసుకుని తిప్పింది.

ఫారంలో బంధుత్వం రాయడానికి గడి లేదు. అదొక్కటీ ఆయనకు సౌకర్యంగా తోచింది.