పద్నాలుగు మంది పెద్దలకు నమస్కారం

యువజన సంఘం వారి వార్షిక పోటీలు ఈ ఏడు కూడా దిగ్విజయంగా జరిగాయని అధ్యక్షులవారు పోటీలకు రెండు రోజుల ముందే పత్రికలకు తెలియజేశారు. అధ్యక్షులవారికి యాభై తొమ్మిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా యువజనులకు ఆయనే దిక్కు. ముప్పై దాటినవారు సంఘంలో ఉండరాదన్న నిబంధన ఒకటి ఉండేది గానీ, ముప్పై ఎప్పుడు దాటారో గుర్తులేనివారికి అది వర్తించదని కార్యవర్గం ఏకగ్రీవంగా సవరించింది.

పోస్టరు, చేసి చూపించడం, ప్రసంగం అని పోటీలు మూడు. ఈసారి వాటికి పంక్చర్ షాపు పిల్ల కూడా పేరిచ్చింది. ఆ పిల్లకి ఇంట్లో పెట్టిన పేరొకటి ఉంది గానీ వీధిలో ఎవరికీ దానితో అవసరం పడలేదు. మామయ్య సైకిల్ షాపులో పదేళ్ల వయసు నుంచీ ట్యూబులు అతికింది. టైరు చుట్టూ ఒక్కసారి చెయ్యి తిప్పి, గుచ్చుకున్నది ముల్లో గాజుపెంకో చెప్పగలదు.

బహుమతుల మీద ఆమెకేమీ మోజు లేదు. తండ్రి పోయాక తల్లి మూడు గంటల దూరంలోని పట్నంలో, ఆసుపత్రి క్యాంటీన్‌లో వంటకు కుదిరింది. రెండు వారాలకో ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగేది, సాయంత్రం బస్సు ఎక్కేది. అదే పట్నంలో బస్సు డిపో వారు మెకానిక్ శిక్షణకు ఒకరిని తీసుకుంటామని ప్రకటించారు. యువజన సంఘం వారి ప్రథమ బహుమతి పత్రం, ఏ పోటీలోదైనా సరే, దరఖాస్తుకు జతపరచాలన్నారు. టైర్లు విప్పేవాళ్లకి ఆ పత్రమెందుకని మీరడగరు. మీకు లోకజ్ఞానం ఉంది.

"ఎక్కమ్మా, సీటు పోతుంది" అంది పిల్ల, పోటీలకు ముందు ఆదివారం బస్సు దగ్గర.

"ఉండవే. డ్రైవరింకా టీ తాగుతున్నాడు."

"తాగేశాడు. గ్లాసు పెట్టేశాడు కూడా."

"చిల్లర తీసుకోవాలి కదా" అంది తల్లి. ఆయన చిల్లర తీసుకున్నాడు. తర్వాత ఇద్దరికీ వంక దొరకలేదు.

ముందుగా పోస్టర్ల పోటీ జరిగింది. విషయం: నీటిని ఆదా చేద్దాం. పోస్టరులో కార్యవర్గ సభ్యులు పద్నాలుగు మంది బొమ్మలూ తప్పనిసరి గనుక, మిగిలిన చోటులోనే నీటిని ఆదా చేయవలసి వచ్చింది. కార్యదర్శిగారి చెవికీ కోశాధికారిగారి చెవికీ మధ్య ఒక్క చుక్కను ఇరికించిన కళాకారుడికి ప్రథమ బహుమతి ఇచ్చారు. ఆ పోస్టర్లు అంటించడానికి బడి గోడను రెండు ట్యాంకర్ల నీళ్లతో శుభ్రంగా కడిగించారు. పంక్చర్ షాపు పిల్లకి బొమ్మలు రావు. బొమ్మలు వచ్చినా అన్ని మీసాలు రావు.

ఆమె ఆశంతా రెండో పోటీ మీద. పంక్చర్ వేసి చూపిస్తానని రాసిచ్చింది. పోటీ ఉదయం నిబంధనలు చదివి వినిపించారు. పెద్దల క్షేమం దృష్ట్యా పదునైన వస్తువులు, నీళ్లు, నిప్పు, వాసన వచ్చే పదార్థాలు హాల్లోకి నిషేధం. అంటే ట్యూబుకి మేకు గుచ్చకూడదు, బుడగలు చూడటానికి తొట్టి పెట్టకూడదు, అతికించే సొల్యూషన్ మూత తీయకూడదు. ఆ పిల్ల చిల్లు లేని ట్యూబునొకదాన్ని బల్ల మీద పెట్టి, ఖాళీ చేతులతో రుద్ది, ఖాళీ చేతులతో అతికింది.

"పంక్చర్ ఎక్కడుందమ్మా?" అన్నారు న్యాయనిర్ణేత.

"లేదండీ. మేకు తేవద్దన్నారు కదండీ."

"లేని పంక్చరుకి మరమ్మతేమిటి? ఇది మోసం కాదూ?"

సున్నా వేశారు. బల్ల మీద బోర్లా పడుకుని ఈత కొట్టి చూపించిన యువకుడు, పది నిమిషాలసేపు ఒక్కసారి కూడా మునగనందుకు ప్రథమ బహుమతి గెలుచుకున్నాడు.

ఇక మిగిలింది ప్రసంగం. విషయం: మాటలు తగ్గిద్దాం, పని పెంచుదాం. వ్యవధి అయిదు నిమిషాలు. ఈ పోటీకి సంఘంలో తరతరాలుగా వస్తున్న పద్ధతి ఒకటుంది. వేదిక మీదున్న పెద్దలందరినీ హోదా వరసలో, బిరుదులతో సహా సంబోధించాకే విషయంలోకి దిగాలి. ఒక్కొక్కరికి ఇరవై సెకన్లకు తక్కువైతే మర్యాదగా ఉండదు. నిరుడు ఒక కుర్రాడు ఉపకోశాధికారిని మరిచిపోయాడు. ఇప్పటికీ ఆ కుర్రాడు ఉపకోశాధికారిగారి వీధి తప్పించి, చెరువు చుట్టూ తిరిగి ఇంటికి పోతున్నాడు.

మామయ్య షాపు గోడకి పద్నాలుగు పాత టైర్లు వరసగా ఆనించాడు.

"ఆ లారీ టైరు అధ్యక్షుడు. మొదలెట్టు."

"మామయ్యా, మరి విషయం ఎప్పుడు చెప్పాలి?"

"విషయం సంగతి తర్వాత. ముందు టైర్లు. అదిగో, ఆ మూలది కోశాధికారి. గాలెక్కువ, మెల్లిగా పలకరించు. ఆ అరిగిపోయింది సలహాదారు. ఏమన్నా పట్టించుకోడు, అయినా అను."

"పొద్దున్నించీ టైర్లకి దండాలు పెడుతోంది" అంది అత్తయ్య, అన్నం గిన్నె దింపుతూ. "ఇంత భక్తి నాకు చూపిస్తే రెండు బిందెల నీళ్లొచ్చేవి."

"నీకు బిరుదు లేదుగా" అన్నాడు మామయ్య.

నాలుగు రోజులకు పద్నాలుగు టైర్లూ నోటికి వచ్చేశాయి. నిద్రలో లేపి అడిగినా లారీ టైరు దగ్గర మొదలుపెట్టేది.

ప్రసంగం నాడు ఆ పిల్ల లేచి నిలబడేసరికి వేదిక మీద పదిహేను మంది ఉన్నారు. మైకు గరగరమంటోందని దాన్ని బాగుచేయడానికి వచ్చిన మైకులాయన కుర్చీల మధ్య గొంతుక్కూర్చుని వైర్లు కలుపుతున్నాడు. టైర్ల వరసలో ఈయన లేడు. ఈయన ఎవరో? మరిచిపోతే తల్లి ఎప్పటికీ ఆదివారాలకే మిగిలిపోతుంది. పద్నాలుగు మందినీ పూర్తిచేసి, ఊపిరి తీసుకుని, "వేదిక మూలాల్లో కూర్చుని మనందరి గొంతులకూ ప్రాణం పోస్తున్న నిరాడంబరులు, మృదుస్వభావులు, పెద్దలు…" అని పదిహేనో నమస్కారం పెట్టింది. మైకులాయన ఉలిక్కిపడి రెండు చేతులూ జోడించాడు. తనకు తెలియకుండా ఎవరో గొప్పవాణ్ణి పిలిచారనుకుని అధ్యక్షులవారు గబగబా కుర్చీ తెప్పించారు. కార్యదర్శిగారు తన మెడలో దండ తీసి ఆయన మెడలో వేశారు. మైకు బాగుపడలేదు. అయిదు నిమిషాల గంట మోగింది. "ఇంతటితో ముగిస్తున్నాను" అని పిల్ల కూర్చుంది.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మాటలు తగ్గించాలన్న విషయం మీద ఒక్క మాట కూడా వృథా చేయని ప్రసంగం ఇదొక్కటేనని న్యాయనిర్ణేతలు కొనియాడారు. ప్రథమ బహుమతి పత్రం ఆమె చేతికొచ్చింది. కార్యవర్గంలో పదిహేనో పదవి సృష్టించబడింది. మైకులాయన ఇప్పుడు మైకులు ముట్టుకోవడం లేదు.

డిపో ఇంటర్వ్యూలో అయిదుగురు అధికారులున్నారు. టైరు గురించి ఎవరూ అడగలేదు. "మీ గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఆ పిల్ల వాళ్ల గురించి అయిదు నిమిషాలు చెప్పింది, ఫైలు పట్టుకుని నిలబడ్డ గుమాస్తాతో సహా. అక్కడికక్కడే ఎంపిక చేశారు. ఆ వారమే ఆసుపత్రి వెనక ఒంటిగదిలో తల్లి చాప పక్కన రెండో చాప పడింది.

"ఇక బస్సు చూసుకోక్కర్లేదు" అంది తల్లి. ఆదివారాలు సాయంత్రమయ్యేసరికి మాత్రం అలవాటు కొద్దీ లేచి చెప్పులు వెతుక్కునేది. "ఎక్కడికే?" అని పిల్ల తల్లిలా అడిగేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

డిపోలో పదమూడు బస్సులు జాకీల మీద ఉన్నాయి. "నేను విప్పుతాను సార్" అందామె మొదటిరోజు.

"నోరు బంగారం తల్లీ నీది. చేతులెందుకు పాడుచేసుకుంటావు?" అన్నాడు ఫోర్‌మన్. ఆమెను స్వాగత విభాగంలో వేశారు. తనిఖీకొచ్చే అధికారులను సంబోధించడం పని. తర్వాత బస్సులు దారిలో ఆగిపోవడం ఎక్కువై ప్రయాణికులు గొడవ చేయడంతో యాజమాన్యం ఒక చక్కని పథకం ఆలోచించింది. బస్సెక్కడ ఆగితే అక్కడికి ఆమెను జీపులో పంపేవారు. ప్రయాణికులను సీటు నంబర్ల వరసలో పెద్దలారా అని ఆమె గౌరవంగా సంబోధించేది. జనం మెత్తబడేవారు. చివరిసీటు వరకూ వచ్చేసరికి చాలామంది తాము వెళ్లాల్సిన చోటు మరిచిపోయేవారు. ఫిర్యాదులు సగానికి తగ్గాయి. పంక్చర్లు తగ్గలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఊళ్లకు దూరంగా, ఒక బస్సు వెనక టైరు కూర్చుంది. ఆమె వెళ్లి మొదలుపెట్టింది. ముప్పై సీట్లయ్యాయి. ఒళ్లో సంచీ పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"ఎంతసేపు పడుతుందమ్మా? సాయంత్రం బస్సుకే నేను తిరిగి పోవాలి. మా పిల్ల స్టాపులో నిలబడి ఉంటుంది."

ముప్పై ఒకటో సీటాయన మీసం సవరించుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ పిల్ల ఆయన వంక చూడలేదు. కిందికి దిగి, డ్రైవరుని జాకీ అడిగి, రోడ్డు మీద మోకాళ్లేసి, పావుగంటలో చక్రం మార్చేసింది. చేతులు తుడుచుకుని "పోనివ్వండి" అంది. బస్సు కదిలింది.

మర్నాడు డిపోకి ఫిర్యాదు చేరింది. సంబోధన మధ్యలో ఆపేశారని, ముప్పై ఒకటి నుంచి యాభై రెండు వరకు సీట్లవారు అగౌరవానికి గురయ్యారని, పైగా ఆమె గ్రీజు చేతులతో తమ ఎదుట నిలబడిందని. యాజమాన్యం తక్షణమే స్పందించి ఆమెను రాత్రంతా ప్రయాణం చేస్తే గానీ చేరలేని డిపోకి బదిలీ చేసింది. పిల్ల ఎక్కిన బస్సు దగ్గర తల్లి కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. డ్రైవరు టీ తాగేసి ఉన్నాడు.

బస్సు ఆలస్యమైందని ఆ ఫిర్యాదులో ఎక్కడా లేదు. కింద సంతకాలు ఇరవై రెండు ఉన్నాయి. తీరికున్నప్పుడు డిపోకి వెళ్లి ఒకసారి చూసుకోండి. అన్నీ చదువుకున్నవాళ్లవే. మీదీ ఉండవచ్చు.