మేకలోళ్ళింటి చక్రవర్తి

మీకు నవ్వులాటగా ఉంటుంది గానీ, నాకు పేర్ల పిచ్చి. నా పేరు ఫ్రీడ్‌హెల్మ్. అంటే శాంతి, శిరస్త్రాణం. మా ఆవిడ గెర్లిందె. ఆ పేరులో మొదటి ముక్కకి బల్లెం అని అర్థం. శిరస్త్రాణం దేనికో నాకు పెళ్ళయ్యాకే తెలిసొచ్చింది.

నా ఇంటిపేరు కైజర్. చక్రవర్తండీ బాబూ! సాయంత్రాలు కొండ మీంచి మంచు దిగి, మందల గంటలు మెత్తగా వినిపిస్తుంటే గుమ్మం ముందు బెంచీ మీద కళ్ళు మూసుకునేవాణ్ణి. మా తాతముత్తాతలు కిరీటాలు పెట్టుకుని ఆ మంచులోంచి నడిచొచ్చేవాళ్ళు.

"ఓ మేకలోడా!" అని ఎవరో కేకేసేవారు. కిరీటాలన్నీ మాయం.

ఏం చేస్తాం, ఈ బవేరియా పల్లెల్లో పేరు మనిషిది కాదు, ఇంటిది. గెర్లిందె వాళ్ళది మేకలోళ్ళిల్లు. ఇల్లరికం వచ్చినందుకు నేనూ మేకలోణ్ణే. పైగా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. నా బిడ్డనైనా కైజర్ అంటారా అని ప్రాణం కొట్టుకుపోయేది.

గెర్లిందె చెల్లెలింటికి వెళ్ళిన రోజు చూసి, గుమ్మం మీది "మేకలోళ్ళిల్లు" అన్న పాత బోర్డు పీకేసి, "కైజర్ ఇల్లు" అని బంగారు రంగుతో రాసి తగిలించా.

ఆవిడొచ్చింది. చూసింది. నేను తల వంచి సిద్ధంగా ఉన్నా.

"బాగుందయ్యా," అంది. నాకు భయమేసింది.

పక్కింటి క్రెసెంజ్ అవ్వ బోర్డు చదివి, గెర్లిందెకి వంగి దణ్ణం పెట్టింది. "ఇల్లు నీది కదే తల్లీ! అంటే ఇకనుంచి కైజర్‌వి నువ్వే."

"అవ్వా, కైజర్ నేను!"

"ఇల్లరికపు అల్లుడివి, నీకెందుకయ్యా? ఒకింట్లో ఇద్దరు చక్రవర్తులుంటారా?"

మర్నాటికల్లా ఊరంతా అదే మాట. ఊరి బాకాల మేళంవాళ్ళు కూడా వచ్చి మా ఆవిడ ముందు వాయించి వెళ్ళారు. నన్ను పక్కకి తప్పుకోమన్నారు.

"మరి నేనెవర్ని?" అన్నా ఏడుపు మొహంతో.

నా బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది మహాతల్లి. "పేర్లు పనుల్లోంచి పుట్టాయని రోజూ నా బుర్ర తింటావుగా! ఇనుము కొట్టినవాడు ష్మిట్, పిండిమర తిప్పినవాడు మ్యూలర్. కైజర్లు మేకల పాలు పితుకుతారా? ఇన్నాళ్ళూ నేను పితికా. ఇదిగో చెంబు."

"అది కాదే, బిడ్డ..."

"తల్లి కైజర్, బిడ్డా కైజరే. నీ కోరిక తీరిందా లేదా?"

తీరింది. అదే ఒళ్ళు మండే సంగతి.

మేకల పాకలో గోరువెచ్చగా ఉంది. పాలధార చప్పుడుకి కళ్ళు మూతలు పడ్డాయి. మా తాతముత్తాతలు మళ్ళీ వచ్చారు. ఈసారి కిరీటాలు లేవు, అందరి చేతుల్లో చెంబులే. ఎవరికీ బాధ ఉన్నట్టు లేదు.

"మేకలోడా!" అని బయటినుంచి కేక.

"ఆఁ, వస్తున్నా!" అన్నా.