సిగ్గుముక్క

పళ్ళెంలో చివరి క్రొకేటా వడ మాయమైంది!

స్పెయిన్‌లోని సెవిల్‌లో నలుగురు కూర్చున్న బల్ల మీద చివరి ముక్క ఎవరూ ముట్టరు. దానికి సిగ్గుముక్క అని పేరు. "నువ్వు తిను", "అబ్బే, నువ్వే తిను" అనుకుంటూ అది చల్లారేదాకా కూర్చుని, అలాగే వదిలేసి లేస్తారు. ఫెర్మిన్ హోటల్లో అన్సెల్మో, బెనిటో, ఎన్‌కార్నాల బల్ల దగ్గర ఆరేళ్ళుగా ప్రతి గురువారం మధ్యాహ్నం జరిగేది అదే.

ఈ గురువారం కోసం అన్సెల్మో పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. మిగతా ఆరు రోజులూ ఆయన ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే.

ఆ ముక్క దగ్గర ఎవరూ లేనిది రెండే నిమిషాలు. బెనిటో సిగరెట్టుకని వీధిలోకి వెళ్ళాడు. ఎన్‌కార్నా చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. అన్సెల్మో కళ్ళజోడు కోసం మూలన తగిలించిన కోటు జేబులు వెతుక్కున్నాడు. తిరిగొచ్చేసరికి పళ్ళెం ఖాళీ.

"ఏమమ్మా ఎన్‌కార్నా, తిన్నాక చేతులు కడుక్కున్నావా?" అన్నాడు బెనిటో.

"నోర్ముయ్! నీ మీసం మీద ఆ క్రొకేటా పొడి ఏమిటి?"

"అది నా వాటాది!"

"మా చెల్లెలి పుట్టినరోజున చివరి రొయ్య మింగిందెవరో నాకు తెలీదనుకున్నావా?"

"రెండేళ్ళ నుంచీ కడుపులో పెట్టుకున్నావా ఆ మాట?"

"నువ్వు రొయ్యని పెట్టుకోలా?"

ఎప్పుడూ మధ్యలో దూరి వాగే ఫెర్మిన్, కౌంటర్ వెనక తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తున్నాడు.

బెనిటో టోపీ పెట్టుకున్నాడు. "వచ్చే గురువారం నేను రాను."

"నువ్వొస్తే నేనే రాను," అంటూ ఎన్‌కార్నా సంచీ అందుకుంది.

అన్సెల్మోకి వచ్చే గురువారం కళ్ళ ముందు కదిలింది. ఇస్త్రీ చొక్కా, రేడియో, తను.

"నేనే తిన్నాను," అనేశాడు.

ఇద్దరూ ఆగిపోయారు.

"నీకు పాలు పడవు కదయ్యా," అన్నాడు బెనిటో. "క్రొకేటాలో సగం పాలే. ఆరేళ్ళలో ఆలివ్ కాయలు తప్ప ఏం ముట్టావు నువ్వు?"

"ఓహో, ఈ బెనిటోని వెనకేసుకొస్తున్నావా?" ఎన్‌కార్నా అన్సెల్మో మీద కళ్ళెర్రజేసింది.

"నన్నా? నిన్నే వెనకేసుకొస్తున్నాడు!" బెనిటో అన్సెల్మో వైపు తిరిగాడు. "ఇన్నాళ్ళూ ఈవిడ పక్షమని తెలీక నీ పక్కన కూర్చున్నాను చూడు, నాదీ బుద్ధి తక్కువ!"

ఇద్దరూ తలుపు దాకా వెళ్ళిపోయారు. అన్సెల్మో ఖాళీ పళ్ళెం ముందు కూలబడ్డాడు.

అప్పుడు ఫెర్మిన్ గ్లాసు కింద పెట్టాడు.

"ఆగండి. నేనే తిన్నాను. ఇవాళే కాదు, ఆరేళ్ళుగా తింటున్నాను. మీరు వెళ్ళాక, వంటింట్లో నిలబడి, చల్లారిపోయినదాన్ని, ఒక్కణ్ణే. ఇవాళ ఒక్కసారి మీ పక్కన కూర్చుని వేడిగా తిందామనిపించింది. చేతులు తుడుచుకుని, కుర్చీ మోసుకుని వచ్చేసరికి బల్ల దగ్గర ముగ్గురూ లేరు, చల్లారకముందే ఒక్కణ్ణే తినేశాను."