గొడుగులో దెయ్యం, ప్రశాంతి తొలిచూపు

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ తెలుగు సంఘం వార్షికోత్సవానికి ముందు జరగవలసిన పనులు ఇవి: హాలుకు సున్నం వేయించాలి. మైకువాడికి చెప్పాలి. అధ్యక్షులవారికి కప్పే శాలువా అధ్యక్షులవారి ఇంటి నుంచే తేవాలి. ఆ సంగతి వారికి తెలియనట్టు ఉండాలి. సావనీరు సంచికలో అందరి ఫొటోలూ పడాలి. ఫొటోల మధ్య ఖాళీ మిగిలితే యువత చేత ఏదైనా రాయించాలి.

ఈ చివరి పని ప్రశాంతి మీద పడింది. వాళ్ళింట్లో మొదటి గ్రాడ్యుయేటు ఆమే. తాత వర్క్‌షాపులో సుత్తి పట్టాడు, తండ్రి అదే వర్క్‌షాపులో స్పానరు పట్టాడు, ఆమె బి.కాం. పట్టా పట్టుకుని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఆఫీసుకు వెళ్తోంది. చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్ల అని పేరు. అలాంటి పేరున్నవాళ్ళకే సంఘాలు పనులు చెబుతాయి.

"నీకిష్టమైంది ఏదో ఒకటి రాసీయమ్మా. ఎలాగూ ఎవులూ సదవరు కదా" అని అధ్యక్షుడు తవిటయ్య ప్రోత్సహించాడు.

ప్రశాంతి మాత్రం చదువుతారనే రాసింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చివరిదాకా చదివి "తరవాతేటయ్యింది?" అని అడిగితే చాలనుకుంది. కొత్తగా మొదలైన ఒక జపాను యానిమే బొమ్మల సీరియల్ మొదటి భాగం చూసి, తనకు తోచింది రెండు పేజీల్లో పెట్టింది. చిన్న స్టేషన్లో, ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు దాచే గది. దానికి ఒక కుర్ర గుమస్తా. ఎవరూ అడగడానికి రాని ఒక గొడుగులో యుకిసే అనే దెయ్యం పిల్ల. ఆ పిల్ల తుమ్మితే గదిలోని గొడుగులన్నీ తెరుచుకుంటాయి. కుర్రాడు ఒక్కొక్క గొడుక్కీ క్షమాపణ చెప్పి మరీ ముడుస్తాడు. పేరు గుర్తుంచుకునేవాళ్ళు లేకపోతే ఆ పిల్ల మాయమైపోతుంది, అదొక్కటే ఆమెకున్న శాపం. భాగమంతా అయిపోయినా కథ గది గుమ్మం దాటదు. "ఏమీ జరగదు, కాని ఇద్దరు మనుషులు మనకు తెలిసిపోతారు, ఒకరు దెయ్యమైనా సరే" అని రాసి, పైన శ్రద్ధగా శీర్షిక పెట్టింది: "గొడుగులో దెయ్యం – ప్రశాంతి తొలిచూపు."

సావనీరు అచ్చయింది సుభాష్‌పల్లిలోని ఒక ప్రెస్సులో. అక్కడి బెంగాలీ దాదాకు తెలుగు రాదు. అక్షరాలను మొహాలు చూసి గుర్తుపడతాడు. 'పు'కీ 'లు'కీ మొహంలో పోలికలున్నాయని ఆయన అభిప్రాయం. అందుచేత విషయసూచికలో ఇలా పడింది: "గొడుగులో దెయ్యం – ప్రశాంతి తొలిచూలు."

తొలిచూలంటే మొదటి కడుపు. ప్రశాంతికి ఇంకా పెళ్ళి కాలేదు.

మనవాళ్ళలో చదివే అలవాటు తగ్గిపోయిందని బాధపడే పెద్దలు దయచేసి గమనించాలి. సావనీరు పంచిన పూటకే ఆ ఒక్క మాట చదవనివారు సెటిల్‌మెంటులో లేరు. కళ్ళజోడు లేనివారు పక్కవాళ్ళ చేత చదివించుకున్నారు. పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ అయితే చింతకాయ పచ్చడి గిన్నెతో సహా వచ్చేసింది.

"ఒలే సత్తివాణీ, దాసీసినావేటే? సావనీరులోన ఎయ్యించుకున్నావు గానీ గోడవతలున్న నాకు సెప్పలేకపోనావా?"

ప్రశాంతి తల్లి సత్యవాణికి గిన్నె వంక చూశాక గాని విషయం బోధపడలేదు. "ఛీ ఛీ, అదేటి మాటొదినా!"

"నానన్నానేటి? అచ్చులో ఉన్నాది. గొడుగులోన దెయ్యవంట! ముందు ఆ గొడుగు ఎవుడిదో కనుక్కోండి, దెయ్యం అదే దొరుకుతాది."

"అత్తా, అది వ్యాసం. రెండు పేజీలే, చదివి వినిపిస్తాను కూర్చో" అంది ప్రశాంతి.

"ఇప్పుడు సదువులెందుకమ్మా? పచ్చడి తిను."

వార్షికోత్సవం సభలో ఈ తప్పు దిద్దమని ప్రశాంతి తవిటయ్యను వేడుకుంది. ఆయన ఉదారుడు. శాలువా సవరించుకుని మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! ముద్రణా దోషం వలన ఒక గౌరవనీయ కుటుంబమునకు కలిగిన మనస్తాపమునకు చింతిస్తూ, మన సంఘం ఆడపడుచు ప్రశాంతిది తొలిచూలు కాదనీ, కేవలం తొలిచూపు మాత్రమేననీ సభాముఖంగా ప్రకటిస్తున్నాను. చూపులు చూపుల దగ్గరే ఆగినాయి! అంతకు మించి ఏటీ జరగలేదని కమిటీ పూచీ!"

చప్పట్లు మోగాయి. సత్యవాణి ఊపిరి పీల్చుకుంది. వదిలేలోగా ముందు వరసలోంచి అప్పలనర్సమ్మ లేచింది.

"అయితే సూపులైపోనాయన్నమాట! కుర్రోడేటి సేస్తాడే?"

ప్రశాంతికి అడిగినదానికి జవాబు చెప్పడమే అలవాటు. "స్టేషన్లో గుమస్తా అత్తా, కాని అది బొమ్మల..."

"రైల్వేనా!" సభంతా ఒక్కసారి సర్దుకుని కూర్చుంది. "పర్మనెంటా, కాంట్రాక్టా?"

"పర్మనెంటే అనుకుంటాను, కాని..."

"ఏ డివిజను?" అని మైకులోనే అడిగాడు తవిటయ్య.

"జపాను."

"దూరవే. అయినా పాసు దొరుకుతాది."

"అతనికి ఒక దెయ్యం పిల్లంటే ఇష్టం!" అని అరిచింది ప్రశాంతి.

అప్పలనర్సమ్మ కాసేపు ఆలోచించింది.

"ఆ గుంట పదిమందికీ కనబడతాదేటి?"

"లేదు. అతనికొక్కడికే."

"మరింకేటే! నలుగురికీ కనబడకపోతే సర్దుకుపో. మొగోడన్నాక సవాలక్ష ఉంటాయి. పెళ్ళైతే ఆడే మర్సిపోతాడు."

"మర్చిపోతే ఆ పిల్ల మాయమైపోతుంది అత్తా!"

"అదే కదమ్మా మనకి కావాల."

మళ్ళీ చప్పట్లు. ఇంత విశాల హృదయం గల సమాజం ఏ డివిజనులోనూ లేదు. జపాను సంబంధాన్ని పరిశీలించడానికి కమిటీ అక్కడికక్కడే ఉపకమిటీ వేసింది. "తరవాతేటయ్యింది?" అని మాత్రం ఎవరూ అడగలేదు. తెల్లారి సావనీరు కాగితాలు బజారులో జాల్‌ముడి మరమరాల పొట్లాలయ్యాయి.

ఇంతదాకా చదివినవారికి ప్రశాంతి తరఫున ఒక మనవి. ఆ గొడుగులోని పిల్లను గుర్తుపెట్టుకోండి. ఆమె పేరు పైన ఒక్కసారే చెప్పాం. వెనక్కి వెళ్ళి చూడకుండా చెప్పగలిగితే ఆమె బతికినట్టే. పేరు తట్టకపోతే దిగులుపడకండి. కుర్రాడి ఉద్యోగం పర్మనెంటన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.