చేప నోట కుసుమ పాట

పాటను చెవులతో వినే కాలం పోయింది. పోతే పోయింది, పీడా వదిలింది!

ఒకప్పుడు పాట వినడమంటే ఎంత ప్రయాస! పని మానుకుని కూర్చోవాలి. కళ్లు మూసుకోవాలి. పాటలో వాన కురిస్తే ఆ వాన మనమే కురిపించుకోవాలి. పాటలో ఎవరైనా ఎదురుచూస్తుంటే ఆ గుమ్మం, ఆ లాంతరు, ఆ మనిషి ముఖం అన్నీ మనమే సమకూర్చుకోవాలి. పాడేవాళ్లు హాయిగా పాడేసి వెళ్లిపోయేవారు. చాకిరీ అంతా వినేవాళ్లది!

ఈ వెట్టి నుంచి మనల్ని విడిపించిన మహోపకారి మ్యూజిక్ వీడియో. పాట విషాదమో సంతోషమో తెలియడానికి ఇప్పుడు వినక్కర్లేదు. హీరో గడ్డం చూస్తే చాలు. గడ్డం ఉండి వాన పడుతుంటే విరహం. గడ్డం ఉండి వాన పడకపోతే ప్రేమ. రంగుల పొగ లేస్తే పండగ. సౌండు పూర్తిగా తగ్గించినా భావం చెక్కుచెదరదు. ఇంతకన్నా సౌకర్యం ఏ యుగంలో ఉంది చెప్పండి?

ఆర్టిస్టులకు జరిగే మేలు సంగతా? నమ్మకం లేనివాళ్లు కుసుమ కథ వినండి. క్షమించాలి, చూడండి.

కుసుమది కలిదిండి పక్కన పల్లె. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ పెళ్లిలో ఆర్కెస్ట్రా మోగినా అందులో ఆమె గొంతు ఉంటుంది. ఎన్నేళ్లు పాడినా ఆమె పేరు మాత్రం ‘పాటలమ్మాయి’. భోజనాల దగ్గర వంటాయన పేరు అడిగి తెలుసుకున్నవాళ్లున్నారు గానీ, ఆమె పేరు అడిగినవాళ్లు లేరు. ఒక్క పాటకైనా ‘ఇది కుసుమ పాడింది’ అనిపించుకోవాలని ఆమె కోరిక. కోరికేమీ పెద్దది కాదు. అదే వచ్చింది చిక్కు.

ఆమె దగ్గర వాళ్ల అమ్మమ్మ పాడిన కొల్లేటి పాట ఒకటుంది. దోనె వేసుకుని చేపలకు వెళ్లిన మొగుడి కోసం గట్టు మీద ఎదురుచూసే ఇల్లాలి పాట.

“పొద్దు వాలిపోయినా దోనె రాలేదే, కిక్కిస పొదల మాటున దీపమైనా లేదే...”

తాడేపల్లిగూడెంలో పెళ్లి వీడియోలు తీసే మధుబాబు ఆ పాట విని లేచి నిలబడ్డాడు. “కుసుమగారూ, దీన్ని వీడియో చేస్తే మీరు ఎక్కడికో వెళ్లిపోతారండీ!” అన్నాడు. కలిదిండిలో చేపల చెరువులున్న వెంకట్రాజుగారు చెరువిస్తానన్నారు, ఖర్చు పెడతానన్నారు. ఒకటే షరతు. హీరో వాళ్లబ్బాయి జయంత్. హీరోయిన్ని హైదరాబాదు నుంచి దింపారు.

“మరి నేనండీ?” అంది కుసుమ.

“ఆఖరి చరణం అంతా మీ క్లోజప్పేనండీ. గట్టు మీద కూర్చుని పాడతారు. అక్కడే పాట పండాలి” అన్నాడు మధుబాబు.

దోనె రాలేదని పాట ఏడుస్తోంది కదా? మధుబాబు ఆ లోటు తీర్చాడు. గట్టు మీదికి తెల్ల కారు తెప్పించాడు. కారులోంచి జయంత్ నల్లకళ్లద్దాలతో దిగాడు. గౌను అంచు నేల మీద ఈడ్చుకుంటూ హీరోయిన్ పరుగెత్తింది. ఊదారంగు పొగ లేచింది. దోనె రాకపోతే కారు వచ్చింది! ఆ ఇల్లాలి కష్టం తరతరాలుగా పాడారే తప్ప ఇలా తీర్చినవాళ్లున్నారా?

ఇక కుసుమ క్లోజప్పు. మబ్బు పట్టిన తెల్లవారుజాము. “మూడ్ అదిరిందండీ! ఆ ఏరేటర్లు ఆపించండి. నీళ్లు అద్దంలా ఉండాలి” అన్నాడు మధుబాబు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. చేపల చెరువులో ఏరేటర్లు అంటే ఊపిరితిత్తులు. నీటిని చిలికి చేపలకు గాలి అందించేవి అవే. అందులోనూ మబ్బు పట్టిన తెల్లవారుజామున వాటిని ఆపడమంటే చెరువు ముక్కు మూయడమే. ఈ సంగతి వెంకట్రాజుగారికి ఎవరో చెప్పాలా? తన పెళ్లిలో తాళి కట్టీ కట్టగానే గట్టు మీదికి వెళ్లి ఏరేటర్లు చూసొచ్చిన మనిషి! అలాంటి మనిషి ఆ రోజు తన చేత్తోనే స్విచ్చి ఆపేశారు. ఎందుకంటే మానిటర్లో కొడుకు స్లోమోషన్లో నడుస్తున్నాడు.

స్పీకర్లో పాట మొదలైంది. కుసుమ పెదవులు కలుపుతోంది. వెనకాల జయంత్ నడుస్తున్నాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

అద్దంలో ఒక నోరు తెరుచుకుంది.

తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే చెరువంతా నోళ్లు! బొచ్చె చేపలూ శీలావతులూ పైకి తేలి, నోళ్లు తెరుస్తూ మూస్తూ గాలి కోసం అల్లాడుతున్నాయి.

“అబ్బబ్బబ్బ! పాటకి చేపలొచ్చేశాయండీ! ఎవరూ కదలకండి! కెమెరా అటు తిప్పు!” మధుబాబు కేకలు పెట్టాడు.

కుసుమ పాట ఆపేసింది. “రాజుగారూ! చేపలు తేలిపోతున్నాయండీ! ఏరేటర్లు వెయ్యండి!”

“ఉండమ్మాయ్, మావాడు ఇంకా ఇటు తిరగలేదు” అన్నారు వెంకట్రాజుగారు మానిటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

కుసుమ లేచింది. బతుకులో దొరికిన ఒకే ఒక్క క్లోజప్పును గట్టు మీదే వదిలేసి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని షెడ్డు దాకా పరుగెత్తి స్విచ్చి వేసింది. ఏరేటర్లు గిర్రున తిరిగాయి. చెరువు బతికింది. షాటు పోయింది.

పొగ అయిపోయింది, హీరోయిన్ బస్సెక్కింది. మళ్లీ తీయడం కుదరలేదు. కానీ మధుబాబు తెలివి సామాన్యమైంది కాదు. ఆఖరి చరణంలో కుసుమ ముఖం ఉండాల్సిన చోట చేపల నోళ్లు పెట్టాడు. లిప్ సింక్ అక్షరం పొల్లు పోకుండా కుదిరింది!

వీడియో దుమ్ము లేపింది. ‘మూగజీవాలను కదిలించిన పాట’ అని ఒకరు, ‘ఆ చేపలకున్న మనసు మనుషులకు లేదు’ అని ఒకరు, కన్నీటి బొమ్మలతో కామెంట్లు. ప్రమోషన్ అంటే అదీ! గూడెంలో సెల్‌ఫోన్ల షాపుకి జయంత్ రిబ్బను కట్ చేశాడు. కుసుమ పేరు కూడా వేశారండోయ్, అన్యాయంగా మాట్లాడకూడదు. వీడియో కింద ‘మోర్’ అని ఉన్నచోట నొక్కితే, డ్రోన్ ఆపరేటరు పేరు తర్వాత కనిపిస్తుంది.

“నువ్వు లేకపోతే చెరువు పోయేదమ్మాయ్” అని వెంకట్రాజుగారు ఆమె ఇంటికి పెద్ద బొచ్చె చేప పంపించారు. తన పాటకు నోరు కదిపిన ఆర్టిస్టును కుసుమ పులుసు పెట్టాల్సి వచ్చింది.

మొన్న ఏలూరులో ఒక రిసెప్షన్. కుసుమ స్టేజీ ఎక్కగానే “చేపల పాట! చేపల పాట!” అని కేకలు. ఆమె పాడుతోంది. వెనక ఎల్ఈడీ తెర మీద చేపలు పాడుతున్నాయి. జనం ఫోన్లు ఎత్తి చేపల్ని రికార్డు చేస్తున్నారు. “కొంచెం పక్కకు జరగండమ్మా, చేపలకి అడ్డం వస్తున్నారు” అన్నాడొకాయన మర్యాదగా. కుసుమ జరిగింది.

రెండో చరణంలో కరెంటు పోయింది.

తెర చచ్చిపోయింది. మైకు చచ్చిపోయింది. హాలంతా చీకటి. అలవాటు కొద్దీ కుసుమ ఆపలేదు. ఉత్త గొంతుతో పాడింది. దోనె రాలేదు, దీపం లేదు. గరిటెలు ఆగాయి. పిల్లలు ఆగారు. ఎవరో ముక్కు ఎగబీల్చారు. ముందు వరసలోంచి పెళ్లికూతురి నాయనమ్మ కాంతమ్మగారు అడిగారు. “ఎవరమ్మా నువ్వు? నీ పేరేవిటి తల్లీ?”

“నా పేరు...” అంటుండగా జనరేటర్ అందుకుంది. లైట్లు వెలిగాయి. తెర వెలిగింది. హీరోయిన్ పరుగెత్తింది.

“ఓహో, ఈ అమ్మాయేనా!” అన్నారు కాంతమ్మగారు తెరకేసి చూస్తూ. “ఎంత చక్కగా ఉందో!”

సంగీతానికి వచ్చిన గండం అలా గడిచింది. మన ఫంక్షన్ హాళ్ల వాళ్లు జనరేటర్ల విషయంలో ఇంకాస్త శ్రద్ధ తీసుకుంటే ఇలాంటి ప్రమాదాలు జరగవని నా విన్నపం.

కుసుమకు మాత్రం ఈమధ్య తల తిరిగిందని ఆర్కెస్ట్రావాళ్లు చెప్పుకుంటున్నారు. ఎవరైనా ప్రోగ్రాంకి పిలిస్తే ఒక్కటే అడుగుతోందట, “మీ హాల్లో జనరేటర్ ఉందాండీ?” అని.

ఉందంటే ఆమెకు ఆ రోజు ఖాళీ ఉండటం లేదు.