బత్తాయి తొక్కలో బ్రహ్మజ్ఞానం

పండు తినేవాళ్లంత అమాయకులు ఈ లోకంలో లేరు! మహాశయులారా, మహిళామణులారా, ఇన్నాళ్లూ మనం బత్తాయి ఒలిచి, అసలు సరుకును చెత్తబుట్టలో పారేసి, ప్యాకింగ్‌ను నమిలి మింగుతున్నాం. ఈ ఘోరాన్ని కనిపెట్టిందెవరు? ఫోను! ఫోనులోని హెల్త్ వీడియో! అదే లేకపోతే మన గతి ఏమయ్యేది?

నమ్మకం కుదరకపోతే కాజీపేటలో కుమారస్వామికి జరిగింది వినండి.

కుమారస్వామి రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. బండి చివర కూర్చుని, వెనక్కి పోతున్న లోకానికి పచ్చజెండా ఊపిన మనిషి. రిటైరయ్యాక ఊపడానికి ఏమీ లేక ఫోను పట్టుకున్నాడు. ఒక సోమవారం పొద్దున ఆ ఫోనులో, తెల్లకోటు వేసుకుని పూలతోటలో నిలబడ్డ ఒకాయన సూటిగా వేలు చూపించి అడిగాడు: "మీరు పారేస్తున్నది తొక్కనా, మీ ఆయుష్షునా?"

కుమారస్వామి ఒళ్లు జలదరించింది. అరవై రెండేళ్లుగా ఎంత ఆయుష్షు పారబోశాడో! ఒక్క ఉదుటున వంటింట్లోకి పోయాడు.

"శకుంతలా, ఇయ్యాల్టి సంది నేను బత్తాయి తొక్కనే తింట. పండు నాకొద్దు."

కూర తరుగుతున్న భార్య తలెత్తింది. "పండుకు ఏమైంది?"

"పండుల ఏమున్నది? వట్టి నీళ్లు, చక్కెర!"

శకుంతల లేచి వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. "సరే తియ్యి, నీ ఇష్టం," అంది.

ముప్పై ఆరేళ్ల సంసారంలో ఆమె అంత తొందరగా ఒప్పుకోవడం అదే మొదలు. అది తొక్క మహిమేనని కుమారస్వామి తీర్మానించుకున్నాడు.

మొదటి ముక్క నోట్లో పడగానే చేదు నాలుక మీంచి చెవుల దాకా పాకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగితే ఏం? చేదుగా ఉందంటే పని చేస్తున్నట్టే కదా! తియ్యటి మందు ఎక్కడైనా రోగం కుదిర్చిందా?

ఇక చూడండి వైభవం! పొద్దున తొక్క టీ, మధ్యాహ్నం తొక్క పచ్చడి, రాత్రి అన్నంలో తొక్క పొడి. శకుంతల కాయలు ఒలిచి తొక్కలు పళ్లెంలో పెట్టి ఇచ్చేది. లోపలి పండు ఎటు పోతోందని ఆయన ఒక్కనాడూ అడగలేదు. గార్డుకు పెట్టెల లెక్క గానీ, పెట్టెల్లో ఏముందో ఎందుకు?

జ్ఞానం ఒక్కడి దగ్గరే దాచుకుంటే పాపం. అందుకని వాకింగ్‌కు వచ్చే మిత్రులందరికీ పంచాడు. మొదటి శిష్యుడు కిరాణా కొట్టు రామలింగం.

"నీ మోకాలి నొప్పి ఎందుకు తగ్గుతలేదో ఎరికేనా? తొక్క తింటలేవు!"

"తింటాన అన్నా. కానీ మింగుడు పడ్తలేదు," అన్నాడు రామలింగం, బుగ్గన దాచుకున్న ముక్క బయటపడకుండా. ఆ ముక్కను ఆయన రోజూ గోడ వెనక ఉమ్మేసి వచ్చేవాడని తర్వాత తెలిసింది. అది వేరే సంగతి.

పది రోజుల్లో శిష్యులు పదకొండు మంది అయ్యారు. వాట్సాప్‌లో 'తొక్క మిత్రమండలి' వెలిసింది. ఒకాయనకు జుట్టు ఊడటం ఆగిపోయింది, ఊడటానికి అంతకుముందే ఏమీ మిగల్లేదు గనక! ఇంకొకాయనకు ఎప్పుడో పోగొట్టుకున్న గొడుగు ఏ బస్సులో మర్చిపోయాడో గుర్తొచ్చింది! తడిచెత్త డబ్బాలు ఖాళీగా కనిపించేసరికి, ఈ గల్లీవాళ్లు తిండి మానేశారా అని చెత్త బండివాళ్లు బెంగపడ్డారు. ఇంత ప్రజాసేవ ఏ పథకం చేసింది?

అడ్డుపడింది ఒక్క మొగిలమ్మే. స్టేషన్ రోడ్డు మీద పండ్ల బండి ఆమెది.

"సారూ, నిజంగనే తొక్క తింటాన్రా? మా బర్రెకేస్తే వాసన చూసి మొఖం తిప్పుకున్నది."

"బర్రెకు ఫోను లేదు మొగిలమ్మా!"

"గట్లనా! అయితే జర కడుక్కొనన్న తినుండ్రి. గింత మెరుస్తాన్నయంటే ఏం పూసిన్రో ఏమో, నాకైతే తెల్వదు."

కుమారస్వామి జాలిగా నవ్వాడు. వీడియోలో కడగమని చెప్పలేదు. చెప్పనిది చేయడం అశాస్త్రీయం కాదా?

పన్నెండో రోజు మిత్రమండలి ఎదుట, చప్పట్ల మధ్య, నాలుగు బత్తాయిల తొక్క ఏకబిగిన నమిలి మింగాడు. మధ్యాహ్నానికి కడుపు డోలులా బిగిసింది. నడి అడవిలో ఆగిన గూడ్స్ బండి ఉంటుంది చూడండి, ముందు సిగ్నల్ లేదు, వెనక్కి దారి లేదు. అచ్చం అలాగే అయింది పరిస్థితి. శకుంతల ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టర్ దీప పొట్ట నొక్కి చూసి, కథంతా విని, నవ్వాపుకుంది.

"అంకుల్, తొక్క విషమేం కాదు, అమృతం కూడ కాదు. పీచుంటది, సి విటమిన్ ఉంటది. మంచిగ కడిగి, జరంత తురిమి పులిహోరల కలుపుకోండి, కమ్మగుంటది. కానీ చెట్లకు మందులు కొడ్తరు, కాయలకు మైనం పూస్తరు. కడగకుండ నాలుగు కాయల తొక్క తింటే కడుపు ఏం జెయ్యాలె? సరే, మరి లోపలి పండు ఏం చేస్తాన్రు?"

కుమారస్వామి భార్య వైపు తిరిగాడు. శకుంతల పైనున్న ఫ్యాన్ వైపు చూస్తోంది.

మందులు తీసుకుని ఆటో ఎక్కాక మెల్లగా అడిగాడు. "అన్నీ నువ్వే తిన్నవా?"

"మరి పారెయ్యాల్నా? రోజుకు రెండు తిన్న. ఇయ్యాల నాలుగు."

"నీకు పులుపు పడదు కదా! పెండ్లయిన కాన్నుంచి గదే అంటాన్నవ్!"

శకుంతల కొంగుతో మూతి తుడుచుకుంది. "పిల్లలు ముగ్గురు, నువ్వొకనివి. తొనలు పంచేసరికి నా చేతుల తొక్కలే మిగిలేటియి. పడదంటే ఇగ ఎవ్వలడుగుతరు? అట్లనే అలవాటైంది. నీ వీడియో పుణ్యాన పన్నెండు రోజులు కడుపునిండ తిన్న. అది చెప్పినాయన సల్లగుండాలె!"

కుమారస్వామి మొగిలమ్మ బండి దగ్గర ఆటో ఆపించి డజను బత్తాయిలు తీసుకున్నాడు.

సాయంత్రం తనే ఒక కాయ ఒలవడానికి కూర్చున్నాడు. ఒలవడం జన్మలో మొదటిసారి. రసం చిమ్మి కంట్లో పడింది. గోళ్లు దిగి సగం తొనలు చితికిపోయాయి. దక్కినవి పళ్లెంలో పెట్టి భార్య ముందుకు జరిపాడు.

"నువ్వు తినవా?" అంది శకుంతల.

"నాకు పులుపు పడదు."

శకుంతల పగలబడి నవ్వింది. ఆయన పళ్లెం వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఒకటి తింది, రెండోది తింది, మూడోదీ తింది. అప్పుడు ఆయన చెయ్యి దానంతటదే పళ్లెంలోకి పోయింది.

హెల్త్ వీడియో వరమా, కాదా? మీరే తేల్చుకోండి! 'పులుపు పడదు' అన్న మాట మీద కుమారస్వామి మూడు తొనల దాకా నిలబడ్డాడు. శకుంతల ముప్పై ఆరేళ్లు నిలబడింది.