దశరథరామయ్య గారి పేజీ

ఆ రోజు పొద్దున్నే దశరథరామయ్య జరీ అంచు పంచె కట్టుకుని, పడక్కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చున్నాడు. మడత నలిగితే బళ్లో నలుగురూ చూస్తారని ఆయన భయం. తిరువూరు బడి పిల్లలు ఊరి చరిత్రంతా పోగేసి ఇంటర్నెట్లో పెట్టారు. దాన్ని ఈ పూటే బళ్లో ప్రారంభిస్తున్నారు. "అందులో మీ ఇంటి పేజీ కూడా ఉందండి, తప్పకుండా రావాలి" అని సోషల్ మాస్టారు రామనాథ్ బజార్లో కనబడి చెప్పిన దగ్గర్నుంచీ ఆయన నడక మారిపోయింది. కిళ్లీకొట్టు దగ్గర ఆగి మరీ, "కంప్యూటర్లో వేశార్ట మనల్ని" అని చెప్పుకొచ్చాడు.

హాల్లో గోడకి ఆయన ఫొటో ఉంది. దానికి గంధపు చెక్కపేళ్ల దండ ఉంది. మామిడి రైతుల సన్మానంలో మెళ్లో వేసిన దండ అది. పెట్టెలో పెడితే పురుగు పడుతుందని తెచ్చి తన ఫొటోకే తగిలించుకున్నాడు.

"బతికున్న మనిషి ఫొటోకి దండేంటండీ, అశుభం!" అని భార్య వెంకాయమ్మ తగిలించిన రోజే మొత్తుకుంది.

"గంధపుదే, అసలైంది. వచ్చినవాళ్లు చూడొద్దూ?" అన్నాడాయన.

ఇంతలో ఫోను మోగింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న వినగడప మేనల్లుడు విశ్వతేజ ఏడుస్తూ అడిగాడు.

"అత్తయ్య ఎట్లా ఉంది?"

"బానే ఉందిరా. ఇడ్లీ వేస్తోంది."

"ఇవాళ ఇడ్లీ ఏంటి! ఎవరండీ మాట్లాడేది?"

"నేనేరా, మావయ్యని."

అటునుంచి కెవ్వున కేక వినిపించి ఫోను తెగిపోయింది. ఈ కాలం కుర్రాళ్లకి పని ఒత్తిడి ఎక్కువని దశరథరామయ్య అనుకున్నాడు.

ఆ కుర్రాడు రాత్రే కంప్యూటర్లో పేజీ చూసి, వినగడపలో తండ్రికి ఫోను చేసి చెప్పేశాడనీ, ఆ తండ్రి తిరువూరులో తెలిసినవాళ్లకి కబురంపాడనీ దశరథరామయ్యకు తెలియదు. కాసేపటికి ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టువాడు షట్టరు సగానికి దించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వీధి చివర టీ బండి మీద పాట ఆగిపోయింది. ఒక రిక్షా వచ్చి గుమ్మం ముందు ఆగింది. అందులోంచి ఒకతను దిగి, చప్పుడు విని వరండాలోకి వచ్చిన దశరథరామయ్యనే అడిగాడు.

"వెదురు బొంగులు ఇక్కడ దించమంటారా, పక్క సందులోనా?"

"బొంగులెందుకయ్యా?"

"పెద్దాయన పోయారటగా. బాగా పొడుగు మనిషంట, చూసి తెచ్చాను."

దశరథరామయ్య నోరు తెరిచేలోగా వినగడప జీపు వచ్చింది. విశ్వతేజ తండ్రి, బావగారు వీరభద్రయ్య, "ఎంత పని చేశావు బావా!" అంటూ ఏడుస్తూ దిగి, ఎదురుగా జరీ పంచెలో నిలబడ్డ బావని చూసి, ఏడుపు ఎక్కడ ఆపాలో తెలియక ఇంకాసేపు ఏడ్చాడు.

"ఏమైందో ఎవరైనా చెప్తారా!" అని దశరథరామయ్య అరిచాడు.

చెప్పడానికి రామనాథ్ మాస్టారే పరుగెత్తుకొచ్చాడు. వెనక పిల్లలు. ముందున్న సుప్రజ అనే ఎనిమిదో తరగతి పిల్ల చేతిలో ఆ పేజీ అచ్చుకాగితం ఉంది. అందులో దండతో సహా దశరథరామయ్య చిరునవ్వు నవ్వుతున్నాడు. పైన 'స్వర్గీయ' అని ఉంది.

"క్షమించాలండీ. నేను రాకుండా పిల్లల్ని పంపాను, పేజీ కూడా చూసుకోలేదు. వాళ్లు వచ్చినప్పుడు మీరిద్దరూ రెడ్డిగూడెం తోటకి వెళ్లారట. పనిమనిషి తలుపు తీసింది. ఫొటోకి దండ ఉంది. పేరు గేటు మీద చూసి రాసుకున్నారు. అక్కడే నిలబడి మౌనం కూడా పాటించారండీ" అన్నాడు మాస్టారు.

"నా ఫొటోకి మౌనమా!" దశరథరామయ్య ఇంతెత్తున లేచాడు. "అడగొద్దుటయ్యా? చదువుకున్నవాడివి కాదూ?"

"దండేసుంటే ఇంకేం అడుగుతారు బావా?" అన్నాడు వీరభద్రయ్య కళ్లు తుడుచుకుంటూ. "అయినా బతికున్నోడికి దండేసిన ఆ ప్రబుద్ధుడెవడు?"

అందరూ వెంకాయమ్మ వంక చూశారు. ఆమె గరిటె పట్టుకుని మొగుడి వంక చూసింది. దశరథరామయ్య గొంతు సవరించుకున్నాడు. పంచె అంచు సర్దుకున్నాడు. వీధంతా ఎదురుచూస్తోంది.

"నేనే" అన్నాడు చివరికి.

బొంగులతను ముఖం తిప్పుకుని నవ్వాడు.

పరువు ఏ మాత్రం మిగిలినా దక్కించుకుందామని దశరథరామయ్య మాట మార్చాడు. "సరేలే. పొరపాటు పొరపాటే. ఆ స్వర్గీయ ఒక్కటీ కొట్టేసి మిగతాది అట్లాగే ఉంచండి. ఏం రాశావమ్మా నా గురించి?"

సుప్రజ కాగితం ఎత్తి చదివింది. "మన బడికి స్థలం దానమిచ్చిన మహానుభావుడు."

ఆ స్థలం ఇచ్చింది ఆయన కాదు, ఆయన తండ్రి. అది వీరభద్రయ్యకు తెలుసు, ఎరువుల కొట్టువాడికీ తెలుసు.

"స్థలమిచ్చిన ఆయన ఫొటో కోసమే వచ్చాం తాతగారూ. హాల్లో అదొక్కటే ఉంది" అంది పిల్ల.

"మా మామగారి ఫొటో వడ్ల గదిలో ఉందమ్మా" వెంకాయమ్మ మెల్లగా చెప్పింది. "సున్నాలేసినప్పుడు దింపారు. మళ్లీ ఎక్కించలేదు. మేకు ఒకటే ఉంది మరి."

దశరథరామయ్య ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి వెళ్లాడు. బస్తాల వెనకనుంచి ఫొటో తీసి, తౌడు దుమ్ము జరీ పంచెతోనే తుడిచి, తెచ్చి పిల్లల ముందు పెట్టాడు. మాస్టారు కెమెరాతో ఫొటో తీసుకున్నాడు. సుప్రజ కాగితం వెనక్కి తిప్పి కలం పట్టుకుంది.

"ఈ తాతగారు ఎక్కడ చదువుకున్నారండీ?"

దశరథరామయ్య ఆలోచించాడు. "అది... నాకు చెప్పలేదమ్మా."

"స్థలం బడికే ఎందుకిచ్చారు?"

"నేనెప్పుడూ అడగలేదు."

నలభై ఏళ్లు ఒకే కప్పు కింద ఉన్న మనిషి. గుర్తుచేసుకుందామంటే ఆయన వీపే కనబడుతోంది, పొలానికి పోతూ.

"పోనీ, ఆయన గురించి మీకు తెలిసింది ఏదో ఒకటి చెప్పండి" అంది పిల్ల, జాలిపడి.

"కారప్పొడి ఇష్టంగా తినేవాడు" అన్నాడాయన.

పిల్ల శ్రద్ధగా రాసుకుంది.

ప్రారంభోత్సవం ఆ పూటే, ఆయన లేకుండా జరిగిపోయింది. పేజీ కూడా సరిదిద్దారు. ఫొటో కింద ఇలా ఉంది: "బడికి స్థలమిచ్చారు. కారప్పొడి ఇష్టంగా తినేవారు. మిగతా వివరాలు కుటుంబ సభ్యులు తెలుసుకుని చెప్పవలసి ఉంది."